సగం నిండిన సెంటు సీసా

తెల్లవారగానే కోడలు చేసిన మొదటి పని పిల్లాడి సంచి మళ్లీ విప్పడం. పాలసీసా, జ్వరం మందు, మారు బట్టలు, మారు బట్టలకు మారు బట్టలు అన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకుని, మళ్లీ సర్దింది. విమానం ఎక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. పదో తరగతి మధ్యలోనే చదువు ఆగిపోయింది. బోర్డుల మీద రాసింది చదివి అర్థం చేసుకునేలోపు వెనకవాళ్లు తోసేస్తారేమోనని ఆమె భయం.

"ఆ సంచికి నోరుంటే ఈపాటికి ఘొల్లుమనేది," అన్నాడు భర్త గడ్డం గీసుకుంటూ. "ఎన్నిసార్లు విప్పుతావే కంగారుతల్లీ!"

"మీకేం, ఇంట్లో ఉండేవారు ఎన్నైనా అంటారు. పైన గాల్లో వీడు గుక్కపట్టాడనుకోండి, దిగిపోదామంటే దారేది?"

"డ్రైవర్‌ని ఆపమను."

"మీ జోకులు మీ దగ్గరే పెట్టుకోండి. ఎనిమిదింటికల్లా బయల్దేరాలి."

"విమానం మధ్యాహ్నం కదే!"

"అయితే ఏం? అక్కడ కూర్చుంటాం. కుర్చీలు వేసేదెందుకు?"

కింద వాళ్ల సెంటు కొట్టు, పైన ఇల్లు. మామగారు అప్పటికే కొట్లో పని మొదలుపెట్టారనడానికి గుర్తుగా మెట్ల మీంచి కమ్మటి వాసన పైకి వస్తోంది. వీధిలో అందరూ ఆయన్ని ముక్కుగారంటారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి పొద్దున ఏ సబ్బుతో స్నానం చేశాడో చెప్పేయగలరాయన. ఆ ముక్కు కొడుక్కి రాలేదు, కూతురికి వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ తండ్రి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని చుక్కలు కలుపుతూ పెరిగిన ఆ పిల్లని ఇంట్లో చిట్టిముక్కు అనేవారు. రెండేళ్ల కిందట ఆ చిట్టిముక్కే, "వేరే ఊళ్లో నా సొంత కొట్టు పెట్టుకుంటాను నాన్నా," అంది. ఆ మాటతో ఇంట్లో పెద్ద గాలివాన లేచింది. "నా పక్క స్టూలు ఖాళీ చేసి పోయేవాళ్లతో నాకు మాటల్లేవు," అన్నారు ముక్కుగారు. ఆ స్టూలు మీద మళ్లీ ఎవర్నీ కూర్చోనివ్వలేదు. దుమ్ము మాత్రం రోజూ ఆయనే తుడుస్తారు.

ఆ కొట్టు తెరిచేది రేపే. అత్తాకోడళ్లకి, ముక్కుగారికి మూడు టికెట్లు వచ్చాయి. "నాది రద్దు చెయ్యండి," అన్నారాయన. "ఆఁ ఆఁ, సరేలెండి," అంది అత్తగారు, చూపు కిటికీ వైపు తిప్పి.

టీలు తాగుతుండగా ఆయన తువ్వాల్లో చుట్టిన పొట్లంతో పైకొచ్చి, నేరుగా కోడలి ముందుకి వెళ్లారు.

"ఇది నీ చేతిసంచిలో పెట్టుకో అమ్మాయ్. పెద్ద పెట్టెలో వద్దు, వాటిని బంతుల్లా విసురుతారట."

తువ్వాలు విప్పితే పొడుగాటి గాజుసీసా. లోపల తేనెరంగు సెంటు సగం వరకే ఉంది.

"ఎవరికి మామయ్యా?"

"కొట్టు తెరిచేవాళ్లకి," అన్నారాయన గోడకేసి చూస్తూ. "వెళ్లిపోయిన రోజున బల్ల మీద సగం కలిపి వదిలేసిందిలే. మిగతా సగం నేను కలిపాను. వాసన చూస్తే దానికే తెలుస్తుంది. నువ్వేం చెప్పక్కర్లేదు."

రెండేళ్ల మౌనం ఆ సీసాలో ఉందని కోడలికి అర్థమైంది. కంగారు రెట్టింపైంది.

"చేతిసంచిలో సెంటు రానిస్తారా?"

"వంద మిల్లీల దాకా ఫర్వాలేదు," అన్నాడు భర్త.

"సరిగ్గా తొంభై పోశాను," అన్నారు ముక్కుగారు. "నా కొలత ఎప్పుడైనా తప్పిందా?"

"మరి ఇంత పెద్ద సీసా ఎందుకండీ?" అంది అత్తగారు.

"మూతి దాకా పోస్తే పైన గాలి పల్చబడ్డాక మూతలోంచి కారుతుంది. లోపల ఖాళీ ఉండాలి."

"అబ్బో! ఎప్పుడెక్కారేమిటి తమరు విమానం?"

"నేనెక్కలేదు. నా సీసాలెక్కాయి."

"సీసాలతో పాటు మనిషి కూడా ఎక్కితే ఏం పోతుందట? కూతురే కదా!"

"కొట్టెవరు చూస్తారు?"

"నేను లేనా నాన్నా?" అన్నాడు కొడుకు.

"నీకు జలుబు చేసినప్పుడు తప్ప ముక్కుతో పనేముందిరా?" అనేసి ఆయన మెట్లు దిగిపోయారు. కానీ కారు బయల్దేరేసరికి ముందు సీట్లో కూర్చుని ఉన్నారు, పని చొక్కాతోనే. "ఎలాగూ అటు సీసాలు కొనాల్సిన పనుంది," అన్నారు. ఎవరూ అడగలేదు.

విమానాశ్రయంలో సామాను ఇచ్చేసి, తనిఖీ వరస దాకా అంతా సవ్యంగానే జరిగింది. కోడలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని, బోర్డులు కూడబలుక్కుంటూ అత్తగారికి దారి చూపించింది కూడా. అంతలో తనిఖీ చేసే అమ్మాయి సంచిలోంచి సీసా పైకి తీసింది.

"ఇది వెళ్లదమ్మా."

"తొంభయ్యే ఉందమ్మా!" అత్తగారు ముందుకొచ్చింది. "మా ఆయన కొలతంటే కొలతే. కావాలంటే కొలిచి చూసుకో."

"ఎంత పోశారన్నది కాదు ఆంటీ. సీసా ఎంతది అన్నదే లెక్క. ఇది రెండొందలది, అడుగున రాసుంది చూడండి. ఇందులో చుక్క ఉన్నా రానివ్వం."

అత్తాకోడళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కారకూడదని పెద్ద సీసా వెతికి మరీ పోశారు మహానుభావుడు!

"ఒసేయ్, పాలసీసాలో పోసేద్దామా?"

"అత్తయ్యా!" కోడలు వేసిన కేకకు వరసలో వాళ్లంతా నవ్వారు. పిల్లాడు కూడా నవ్వాడు.

"ఈ డబ్బాలో వదిలెయ్యండి. లేదా బయట మీవాళ్లుంటే ఇచ్చి రండి, మీకింకా చాలా టైముంది," అంది ఆ అమ్మాయి, మధ్యాహ్నం విమానానికి పొద్దున్నే వచ్చేసిన వాళ్లని జాలిగా చూస్తూ.

డబ్బాలో సగం తాగిన నీళ్లసీసాలు, ఎవరివో తల నూనెలు. వాటి మధ్య ఈ సీసాని ఊహించుకోలేకపోయింది కోడలు. పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందు నుంచి కదలనివ్వని పిల్లాణ్ణి అత్తగారి చేతుల్లో పెట్టి, బయటకు పరుగెత్తింది.

వాళ్లింకా వెళ్లలేదు. భర్త కారు దగ్గర ఉన్నాడు. మామగారు అద్దాల గోడకు ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నారు. ఆమెను చూడగానే చటుక్కున వెనక్కి జరిగారు గానీ, ముక్కు అచ్చు అద్దం మీద ఉండిపోయింది.

సంగతి విని ఆయన మొహం వాడిపోయింది. "సీసా లెక్కా? లోపలి సరుకు కాదూ?"

"కార్లో షాంపూ సీసా ఉంది నాన్నా, చిన్నదే. కడిగి పోసేద్దాం," అన్నాడు కొడుకు.

"షాంపూ సీసాలోనా! అంతకంటే నన్నా డబ్బాలో పడెయ్." ఆయన సీసా అందుకుని గుండెకి ఆనించుకున్నారు. "పోన్లే అమ్మాయ్. దానికి చేరే రాత లేదనుకుంటాను. నువ్వెళ్లు."

కోడలు వెళ్లలేదు. పెళ్లయి వచ్చాక ఆయన ముందు గొంతు పెంచింది లేదు. ఇవాళ దానంతటదే పెరిగింది.

"రాత కాదు మామయ్యా, మీ మొండితనం! మీరు చెప్పలేని మాట సీసాతో చెప్పిద్దామనుకున్నారు. దాన్ని రానివ్వట్లేదు. ఇక మీరే రావాలి."

"దానికి నా అక్కరే ఉంటే వెళ్లిపోయేదా?"

"అక్కర లేకపోతే మూడో టికెట్ ఎందుకు పంపుతుంది?"

ముక్కుగారు కొడుకు వైపు తిరిగారు. "టికెట్లు తీసింది నువ్వు కాదట్రా?"

"నేనెక్కడ నాన్నా? అక్కే పంపింది. చెప్తే చింపేస్తావని అమ్మ చెప్పొద్దంది."

"వదిన ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది," కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవాళ నాన్న ఏ వాసనతో పైకొచ్చాడూ అని. నాకు ఆ పేర్లవీ తెలుస్తాయా? వాన పడ్డాక గోడ వాసన అంటాను, కొత్త పుస్తకం వాసన అంటాను. అంతే, అవతల ముక్కు చీదుకోవడం వినిపిస్తుంది."

ఆయన తన మరకల చొక్కా చూసుకున్నారు. "ఇలా ఎలా వస్తానే? బట్టల్లేవు."

"పెద్ద పెట్టె అడుగున మీవి రెండు జతలున్నాయి. అత్తయ్య దాచారు. ఆ పెట్టె కూడా అన్నిసార్లు విప్పిందాన్ని, నాకు కనపడదా?"

"టికెట్ రద్దు..."

కోడలు అద్దం వైపు చెయ్యి చూపించింది. లోపల అత్తగారు మనవణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో ఆయన గుర్తింపు కార్డు, మూడో బోర్డింగ్ పాసు జెండాలా ఊపుతోంది. ముక్కుగారు నవ్వబోయి, నవ్వలేక, సీసాని కొడుక్కిచ్చి, "మూత తీశావంటే చంపేస్తా," అన్నారు.

తనిఖీలో ఆయన జేబుల నుంచి సెంటు ముంచి వాసన చూసే కాగితం పట్టీలు, ఖాళీ డ్రాపర్ బయటపడ్డాయి. ఆ అమ్మాయి గాలి పీల్చి, "అంకుల్, ఏం పూసుకున్నారు? భలే ఉంది!" అంది.

"ఏం పూసుకోలేదమ్మా, ఇది చొక్కా. దీనిక్కూడా లెక్క ఉందా?"

"చొక్కాకి లేదండీ, పదండి," నవ్వుతూ దారిచ్చింది.

విమానంలో పిల్లాడు తాతయ్య చొక్కాలో మొహం దాచుకుని దిగేదాకా నిద్రపోయాడు. కోడలు మాత్రం వాడు ఇంకా లేవలేదేమని కంగారుపడింది.

అవతల బయటి ద్వారం దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. చిట్టిముక్కు తల్లిని చూసి చెయ్యి ఊపుతూ ముందుకొచ్చి, ఠక్కున ఆగిపోయింది. తండ్రి ఇంకా సామాను బండి వెనకే ఉన్నారు, ఆమెకు కనపడలేదు. ఆమె కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చింది. మూసిన కళ్లలోంచే నీళ్లు జారాయి.

"నాన్నా!"

"నీకోసం సీసా తెచ్చానే," అన్నారాయన ఫిర్యాదు చేసే పిల్లాడిలా. "ఆపేశారు. నువ్వు సగంలో వదిలేసిందే అది."

"పూర్తి చేశావా? ఏం కలిపావు?"

"ఇలా నడిరోడ్డు మీద చెప్తారా? నీ కొట్లో కూర్చోడానికి స్టూలుందా?"

"రెండున్నాయి నాన్నా. మొదట్నుంచీ రెండే."

సాయంత్రం కొత్త రంగు వాసన ఇంకా పోని ఆ చిన్న కొట్లో తండ్రీకూతుళ్లు బల్ల మీదకి వంగారు. ముక్కుగారు తన డ్రాపర్‌తో చుక్క తర్వాత చుక్క కలిపి, కాగితం పట్టీ ముంచి, కూతురి ముక్కు దగ్గర పెట్టి, పరీక్ష రాసిన పిల్లాడిలా చూస్తూ కూర్చున్నారు.

ఆమె వాసన చూసింది. మళ్లీ చూసింది. "చివర్లో ఒక చుక్క ఎక్కువైంది నాన్నా."

గుమ్మంలో పిల్లాణ్ణెత్తుకుని నిలబడ్డ కోడలు ఊపిరి బిగబట్టింది. మామగారి కొలతను తప్పన్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

ముక్కుగారు పట్టీ తీసుకుని తనూ వాసన చూశారు. చెంపల మీద నీళ్లు కారుతుండగానే పకపకా నవ్వారు.

"అవునే తల్లీ. ఈ మధ్య నా కొలతలు తప్పుతున్నాయి," అని డ్రాపర్ కూతురి చేతికిచ్చారు.