సింహాసనం కింది పిచ్చుక

మిట్టమధ్యాహ్నం!

నడినెత్తిన నిప్పులు చెరగాల్సిన సూర్యబింబాన్ని ఏదో నల్లని కోర ఒక అంచున కొరికింది... రాజప్రాసాదం మీద పరుచుకున్న ఎండ చూస్తుండగానే పాలిపోయి, చిలుమెక్కిన ఇత్తడిలా మారింది. పొద్దుగూకిందనుకున్న గుడ్లగూబలు బురుజుల తొర్రల్లోంచి బయటికొచ్చి కర్ణకఠోరంగా కూయసాగాయి. ఆకాశంలో మబ్బుతునకైనా లేదు... అయినా ఎక్కడో ఉరుము!

సరిగ్గా అప్పుడే అంతఃపురంలోంచి గుండెలు అవిసిపోయే కేక!

అది చిన్నరాణి గొంతు. ఆ పిల్ల పెళ్లై వచ్చి నాలుగు నెలలైనా కాలేదు. నలుగురు పరిచారికలు కాళ్లూ చేతులూ అదిమి పట్టినా శయ్య మీద విల్లులా వంగి లేస్తోంది. నల్లగుడ్లు పైకి పోయాయి. పళ్లు పటపటలాడుతున్నాయి. ముసలి వైద్యుడు చేతులెత్తేసి, "దాదమ్మను పిలవండి" అన్నాడు.

కోటలో దాదమ్మ అంటే ఒక్కతే. చక్రవర్తిని కన్న తల్లి పురిటిలోనే కన్నుమూస్తే, తన చంటికూతురితో పాటు ఆ పసికందుకూ చన్నిచ్చి సాకిన మనిషి. పేరు చెబితే సామ్రాజ్యమంతా గడగడలాడే ఆ చక్రవర్తి, ఆమె గదిలోకి మాత్రం చెప్పులు బయట విడిచి వచ్చేవాడు. అమ్మా అని తప్ప పిలిచి ఎరగడు.

ఆమె గడపలో అడుగు పెట్టగానే చిన్నరాణి పెనుగులాట ఆగిపోయింది. మెల్లగా తల తిప్పింది.

"అమ్మా... జడ ఎంత గట్టిగా అల్లావే! తల లాగేస్తోంది..."

దాది గుండె ఝల్లుమంది. ఆ సాగదీత, ఆ గారం... పిచ్చుకది! ఒక్కచోట కుదురుగా కూర్చోదని కన్నకూతురికి తాను పెట్టుకున్న ముద్దుపేరు అది. పన్నెండేళ్ల కిందట, పట్టాభిషేకమైన వారానికే, సముద్రం అవతలి రాకుమారుడితో సంబంధం కుదిరిందని చక్రవర్తే పల్లకి ఎక్కించి తీసుకెళ్లాడు. "నువ్వు చూసి తట్టుకోలేవమ్మా. చెల్లెల్ని నేనే సాగనంపుతాను" అన్నాడు.

"ఎవరే నువ్వు? నా కూతురు సముద్రం అవతల చల్లగా కాపురం చేసుకుంటోంది!"

"సముద్రమూ లేదు, కాపురమూ లేదమ్మా. పల్లకి కోట గుమ్మమే దాటలేదు. సింహాసనం కింద ఉన్నాను... అన్నయ్య ముందర... కపాలాన్నై!"

పరిచారికలు కెవ్వుమని పారిపోయారు. దాది మాత్రం కదల్లేదు.

"ఒకే చన్ను కుడిచిన తోబుట్టువు తల కావాలందట, వాడు కొలిచే క్షుద్రశక్తి. తన చేత్తోనే ఇచ్చాడు. ఆ కట్టు పన్నెండేళ్లది... ఈ గ్రహణంతో తెగుతుంది. పట్టు సడలబట్టే ఈ మాత్రం నోరు విప్పగలిగాను. మళ్లీ కట్టాలంటే వాడికి ఇంకో తల కావాలి. ఈసారి, ఆ పాలిచ్చినదాని తల! వచ్చి పిలుస్తాడమ్మా... వెళ్లకు! వెళ్లకు!"

చిన్నరాణి దేహం నరికిన తీగలా వాలిపోయింది. ఊపిరి ఆడుతోంది. ముఖం మళ్లీ ఆ పిల్ల ముఖమే.

దాది పిచ్చిదానిలా తన గదికి పరిగెత్తింది. వైద్యుడు వెంట పడ్డాడు. మంచం కిందున్న చందనపు పెట్టె లాగి మూత తెరిచింది. అన్నీ కూతురి ఉత్తరాలే. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ చక్రవర్తే ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చదివి వినిపించేవాడు.

"చదవండి బాబూ. ఏదో ఒకటి."

వైద్యుడు ఒకటి విప్పాడు. ఇంకొకటి విప్పాడు.

"దాదమ్మా... ఇవి ఉత్తరాలు కావు. మరణశాసనాలు."

"ఆ ఎర్ర దారం కట్టినదో? నాకు మనవడు పుట్టాడని వచ్చిన ఉత్తరం అది!"

"కరువులో ధాన్యపు కొట్లు తెరవమని అడిగిన రాళ్లు కొట్టేవాడి తల తీయమని... అంతే ఉందమ్మా ఇందులో."

దాది నేల మీద కూలబడింది. ఆ ఉత్తరం వచ్చిన నాడు కోటంతా మిఠాయి పంచింది తను! ఆ వారంలోనే ఒక ముసలిది వాకిట్లో తన కాళ్లు పట్టుకుని ఏడ్చింది. "నా కొడుకు రాళ్లు కొట్టుకునేవాడమ్మా, ద్రోహి కాదు. ఒక్క మాట చెప్పు, నీ మాట వింటాడు" అని. "రాజు ఊరికే ఎవర్నీ పట్టుకోడు, పో" అని కసిరికొట్టింది తనే.

ఎన్ని చూసీ చూడనట్లు ఊరుకుంది! పట్టాభిషేకం ముందురోజు, పట్టం కట్టుకోవాల్సిన పెద్ద రాకుమారుడు నెత్తురు కక్కుకుని పోతే విధిరాత అనుకుంది. న్యాయపీఠాలను వేలం వేస్తే ఖజానా ఖాళీ అయిందేమో అనుకుంది. నిండు సభలో ఎదురు చెప్పిన మంత్రి నాలుక అక్కడికక్కడే నల్లబడి మాట పడిపోతే, తిరగబడ్డ సేనాని తనంతట తానే బురుజు మీంచి దూకేస్తే, చేతబడి అని ఊరంతా గుసగుసలాడింది. గిట్టనివాళ్ల కూతలని ఆమె కొట్టిపారేసింది. కాకి పిల్ల కాకికి ముద్దు... తను పెంచింది కాకిని కాదు, కాలనాగుని!

గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడు.

వైద్యుడు తెర వెనక్కి తప్పుకున్నాడు. చక్రవర్తి లోపలికి వచ్చాడు. నల్లని పట్టువస్త్రం, నుదుట రక్తచందనం. కంఠం మాత్రం ఎప్పటిలాగే వెన్నముద్ద.

"అమ్మా, గ్రహణం పడుతోంది. ఒంటరిగా ఉండకు. నాతో రా."

దాది అతని ముఖంలోకి చూసింది. ఆ గడ్డం కింది మచ్చ... నడక నేర్చే రోజుల్లో పడితే తనే పసుపు అద్దింది. ఏదో ఒక మూల ఇంకా ఆశ చావలేదు. ఎర్ర దారం కాగితం చేతికిచ్చింది.

"వస్తాను నాయనా. ఈ ఒక్కటీ చదివి వినిపించు. చెల్లెలి మాటలు వినాలనుంది."

చక్రవర్తి కాగితం విప్పాడు. రెప్ప అల్లాడలేదు. గొంతు తొట్రుపడలేదు.

"అమ్మకు నమస్కారాలు. నేను క్షేమం. నీకు మనవడు పుట్టాడు. వాడి పెదాలు అచ్చం నీవే..."

చివరిదాకా చదివి, చిరునవ్వుతో మడత పెట్టి ఇచ్చాడు.

ఆ చిరునవ్వు ఆమె గుండెలో మిగిలిన చివరి దీపాన్ని ఆర్పేసింది! తెర వెనక నుంచి వైద్యుడు వద్దు వద్దని తల ఊపుతున్నాడు. అయినా దాది లేచింది. తన బిడ్డ పన్నెండేళ్లుగా ఒంటరిగా ఉన్న చోటికి తను కాక ఎవరు వెళ్తారు?

సింహాసనం వెనక రహస్యద్వారం... పాకుడు పట్టిన మెట్లు... పాతాళంలాంటి చీకటిగది! నేలంతా సిందూరపు ముగ్గు. నడుమ నల్లరాతి పీఠం. దాని మీద... చిన్న కపాలం! కనుగుంతల్లో నీలిజ్వాలలు! చుట్టూ గోడలకు ఎందరివో తలలు. పైన సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడని చెబుతూ నగరమంతా కుక్కలు మోరలెత్తి ఏడ్చాయి.

చక్రవర్తి ఆమె భుజం మీద చెయ్యేసి ముగ్గులో కూర్చోబెట్టాడు. గొంతులో వెన్న కరిగిపోయింది.

"తెలిసే వచ్చావు కదూ? మంచిది. కష్టపడి పెంచావు, ఈ ఒక్కటీ ఇచ్చెయ్. నీకు నొప్పి తెలియకుండా చూస్తాను."

"అది నీకు అన్నం కలిపి పెట్టిందిరా... జ్వరమొస్తే నీ పక్కనే కూర్చుందిరా..."

"అందుకే పనికొచ్చింది!" వికటంగా నవ్వాడు. ఖడ్గం ఎత్తాడు. "ఉత్తిష్ఠ! కపాలవాసినీ, ఉత్తిష్ఠ! నా ఆజ్ఞ! రా!"

కపాలం కంపించింది. నీలిజ్వాలలు జానెడెత్తు లేచాయి. గది గోడలు హోరుమన్నాయి. బంధింపబడ్డ ఆ ప్రాణం కట్టుతాళ్లు తెంచుకోలేక, ఆజ్ఞను కాదనలేక, గింజుకుంటూ అతనివైపు కదిలింది...

దాదికి మంత్రాలు రావు. తంత్రాలు తెలియవు. సందె వేళ వీధి చివర ఆడుకునే బిడ్డను పిలిచే తల్లి గొంతు ఒక్కటే ఆమెకు తెలుసు.

"పిచ్చుకా! ఆట చాలు... ఇంటికి రావే!"

ఒక్క క్షణం... సర్వం నిశ్శబ్దం!

ఫెళఫెళారావం! కపాలం నిలువునా చీలింది! పన్నెండేళ్ల మంత్రబంధం కన్నతల్లి పిలుపు ముందు గడ్డిపోచైపోయింది. వెచ్చని గాలి ఒకటి ఎగిరొచ్చి దాది ఒడిలో వాలింది. మెడ చుట్టూ చేతులు పెనవేసినట్లు... చెంపకు చెంప ఆనించినట్లు... ఆ వెంటనే తేలికైపోయింది.

పీఠం కింది క్షుద్రశక్తి ఆకలితో బుసకొట్టింది. బలి దక్కలేదు. గడువు దాటింది. ఇక మిగిలింది పిలిచినవాడే!

గోడల మీది తలలన్నీ ఒక్కసారిగా నోళ్లు తెరిచాయి. ఖడ్గం బూడిదై రాలింది. చక్రవర్తి కాళ్ల నుంచి నల్లని పొగ పాకుతూ ఎక్కింది. ఎక్కినంత మేరా కండ కరిగింది, చర్మం చెట్టుబెరడులా ముడుచుకుంది, ఎముక పెళుసై విరిగింది...

"అమ్మా! పట్టుకో అమ్మా! భయమేస్తోంది! అమ్మా!"

నిజమైన గొంతు అది. చిన్నప్పుడు ఉరుములకు జడిసి అరిచిన గొంతు. దాది పాదం అలవాటు కొద్దీ ఒకడుగు ముందుకు పడింది. చెయ్యి చాచబోయింది.

చాచలేదు.

ఆర్తనాదం గోడలకు కొట్టుకుని, చిన్నదై, ఆగిపోయింది.

ఎండ మళ్లీ వచ్చాక వైద్యుడు భటులను వెంటబెట్టుకుని దిగాడు. దాది పగిలిన కపాలపు ముక్కలన్నీ ఏరి, పైటలో మూటకట్టుకుంటోంది. ఒక మూలన కొరివిలా మాడి ముడుచుకుపోయిన శవం. భటుల నాయకుడు దాన్ని చూసి దాదివైపు తిరిగాడు. దగ్గరికి పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు.

"దాదమ్మా... ఆయనకు కొరివి పెట్టే బిడ్డలు లేరు. తల్లివి నువ్వే. దహనం చేయించమంటావా?"

దాది మూటను గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది. వెనక్కి తిరగలేదు.

"నాకు ఒక్కతే కూతురు బాబూ" అంది.