మూయని సెషన్

“మామ జాడ దొరికింది. మంద ఎటు పోతే మనమూ అటే. కనపడగానే లేపెయ్యండి.”

వైర్‌లెస్‌లో పట్టుబడిన ఆ గొంతు శైలజది. పోచంపల్లి పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, నాలుగు భాషలు. మహబూబ్‌నగర్‌లో గొర్రెల మందుల దుకాణం వెనక నడిచే రహస్య విభాగంలో ఆమెను అందరూ మన మనిషే అనుకున్నారు. ఇప్పుడామె పులిచర్మాలు అమ్మే విదేశీ ముఠా జీపులో ఉంది.

ఏజెంట్ గిరి ముఖం మాడిపోయింది. ‘మామ’ అన్న కోడ్ పేరు ఒక్క చోటే ఉంది. పొద్దున అతను కంప్యూటర్‌లో కట్టిన టేబుల్‌లో.

ముఠా కదలికలు కనిపెట్టి చెప్తున్నది అమ్రాబాద్ అడవి అంచున గొర్రెలు మేపే బీరన్న, అంటే ఆ మామే. ఆయన పొట్టేలు మెడగంటలో శాటిలైట్ ట్రాకర్ ఉంది. ఇన్ఫార్మర్ల పేర్లున్న అసలు టేబుల్ చూసే అనుమతి శైలజకు లేదు. గిరి మాత్రం బీరన్న వివరాలనూ, గంట చెప్పే లొకేషన్‌నూ కలిపి సర్వర్ మెమరీలో ఒక టెంపరరీ టేబుల్ కట్టాడు. వివరం అడిగే ప్రతి క్వెరీకీ మళ్ళీ కట్టే బాధెందుకని, లాగిన్ అయిన ఎవరి సెషన్ నుంచైనా చదివేలా గ్లోబల్ చేసిపెట్టాడు. అతని సెషన్ మూసేదాకా అది బతికే ఉంటుంది. మరి మూయాలి కదా, ఆ మహానుభావుడు? మూయకుండా అన్నానికి పోయాడు. శైలజ ఏ తాళమూ పగలగొట్టలేదు, పాపం. ఆ అవసరమే రాలేదు.

“సెషన్ క్లోజ్ చెయ్. టేబుల్ పోతది,” అంది చీఫ్ ఉమారాణి.

“పోతే వాళ్ళ కాడ ఆఖరి లొకేషన్ మిగుల్తది మేడం. గా లొకేషన్ అసలుదే. మామ ఫోన్‌కు సిగ్నల్ లేదు, తప్పుకోమని చెప్పనీకి రాదు.”

“మరేం చేస్తవ్?”

“గా టేబుల్ తోనే అబద్ధమాడిస్త.”

మంద నడుస్తూనే ఉంటుంది కాబట్టి శైలజ జీపులోని శాటిలైట్ లింకుతో తన ట్యాబ్‌లో అదే టేబుల్‌ను మాటిమాటికీ చదువుతోంది. గిరి పొట్టేలు మెడగంట నుంచి వచ్చే డేటా ఆపేసి, లొకేషన్‌ను చేత్తో మార్చడం మొదలుపెట్టాడు. ఒక్కసారే దూరం జరిపితే అనుమానం వస్తుంది, గొర్రెలు ఎగరవు కదా. కొంచెం కొంచెంగా, మేస్తూ పోతున్నట్టు, లేని మందను, గార్డులు కాచుకుని ఉన్న ఫారెస్టు బేస్ క్యాంపు వైపు తోలాడు. తనను నమ్మిన మనిషిని తన బద్ధకమే చంపబోతోందని తలుచుకుంటే చచ్చేంత సిగ్గుగా ఉంది.

క్యాంపు వాచర్ వైర్‌లెస్‌లోకి వచ్చాడు. “జీపు మలుపు కాడ ఆగింది సార్. కుడిదిక్కు గంటల సప్పుడు ఇనొస్తాంది.”

కుడివైపు ఉన్నది నిజమైన మంద. గుట్ట చాటునే బీరన్న.

గిరి లొకేషన్‌ను ఎడమకు జరిపి ఎంటర్ కొట్టాడు. మరుక్షణమే తెర మీద శైలజ క్వెరీ పడింది. గదిలో అందరూ వైర్‌లెస్ వైపు వంగారు.

“ఎడమకు తిరిగింది సార్. గేటు లోపటికొచ్చింది. మూసేసినం. మేడం గారు కళ్ళద్దాలు తీసి చూస్తాంది.”

అందరూ గిరి భుజం తట్టారు. ఇప్పుడొక కీ నొక్కితే టేబుల్ మాయం. అదెవరు కట్టారని అడిగే నాథుడు ఉండడు. వేలు ఆ కీ మీదే ఉంది. తన మీద తనకే అసహ్యమేసింది.

“మేడం, గా టేబుల్ కట్టింది నేనే. తెరిచిపెట్టి పోయింది గూడ నేనే.”

“తెలుసు. బీరన్నను మామా అని పిలిచేటోడివి ఈడ నువ్వొక్కడివే. చెప్తవా లేదా అని చూస్తున్న.”

గిరి తల దించుకుని సెషన్ మూశాడు. టేబుల్ పోయింది కానీ సిగ్గు పోలేదు.

సాయంత్రం సిగ్నల్ అందే చోటికి వచ్చి బీరన్న ఫోన్ చేశాడు. జీపు సంగతి ఆయనకేమీ తెలీదు. ఎప్పటి మాటే అడిగాడు.

“అన్నం తిన్నవా అల్లుడా?”



“తిన్న మామా. గదే తప్పయింది.”