దుప్పట్లు ఆరే హాలు

ఆ లాండ్రీలో చీకటి పడ్డాక దుప్పట్లు ఆరే హాల్లోకి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. పొమ్మంటే పోరు. జీతం కోస్తానన్నా పోరు. ఓనరు పైకి "అంతా మీ భ్రమ" అంటాడు గానీ, లైట్లు వేసే వేళకి ఆయన కూడా ఆఫీసు గది గడప దాటి అటు రాడు. పెద్దమనిషి కదా, అటువైపు పని ఉండదు పాపం.

ఎందుకంటారా... చాలా ఏళ్ళ కిందట అక్కడ ఒక మనిషి పోయింది. దుప్పట్లు కొక్కేలకి తగిలించే పని ఆమెది. ఒక సాయంత్రం ఇంటికి తొందర పడుతుంటే, తోటివాళ్ళు ఆట పట్టిద్దామని బయట గడియ పెట్టారు. కాసేపు తలుపు బాదింది. వీళ్ళు నవ్వుకున్నారు. ఇక తీద్దాంలే అనుకునేలోపు ఎవరో పిలిస్తే అందరూ అటు పోయారు. వాళ్ళు తీసుంటారని వీళ్ళు, వీళ్ళు తీసుంటారని వాళ్ళు. లోపల ఆవిరి పైపులు రాత్రంతా కాలుతూనే ఉన్నాయి.

పొద్దున తీస్తే, తలుపు వెనకే ఉంది.

అప్పట్నుంచీ ఆ హాల్లో గాలి లేకుండా దుప్పట్లు కదులుతాయంటారు. నాకు చెప్పినావిడ అక్కడే చిరిగిన దుప్పట్లు కుట్టే పని చేసేది. లేనిపోనివి కల్పించే మనిషి కాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

అలాంటి హాల్లోకి రోజూ రాత్రి వెళ్ళక తప్పనివాడు ఒకడే — ఇస్త్రీ మేస్త్రీ. రెండో షిఫ్టు అయిపోయి అందరూ వెళ్ళాక, పైపులకి ఆవిరి ఆపేసి, దుప్పట్ల వరసల మధ్య నడుస్తూ ఒక్కో దుప్పటి కింది అంచు వేళ్ళతో నలిపి తడి చూడాలి. తడిది మడత పెట్టారంటే తెల్లారేసరికి ముక్కిన వాసన కొడుతుంది, దుప్పట్లు ఉతకడానికిచ్చిన ఆసుపత్రి వాళ్ళు కట్టలకి కట్టలు వెనక్కి పంపేస్తారు. ఆ పని చేస్తున్నందుకే లాండ్రీ వెనక రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. భార్యా, చిన్న కొడుకూ, తనూ అందులోనే కాపురం. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

మేస్త్రీకి దెయ్యాలంటే భయం లేదు. ఆయన భయమల్లా తన కళ్ళంటేనే.

ఆ సంగతి ముందు చెప్పాలి. మేస్త్రీ భార్యకి ఒక తమ్ముడు. లాండ్రీ వ్యాను నడుపుతాడు. బావమరిది వరస కాబట్టి బావని ఏడిపించే హక్కు పుట్టుకతో వచ్చిందనుకునే రకం. చెప్పుల్లో సబ్బు నురగ పోసేవాడు, టీలో ఉప్పు వేసేవాడు. సరే, అంతవరకూ ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. కానీ పిల్లాడి పుట్టినరోజుకి నలుగురూ చేరిన పూట, ఈ మహానుభావుడు ఎక్కడినుంచో ఒక మత్తుబిళ్ళ తెచ్చి బావ తాగే కూల్‌డ్రింకులో కలిపాడు.

ఆ రాత్రి మేస్త్రీకి గోడలు ఊపిరి పీల్చాయి. కన్నకొడుకు మొహం కరిగి కారిపోతున్నట్టు కనపడింది. ఆ పసివాడి కళ్ళముందే మంచం కిందకి దూరి వెక్కి వెక్కి ఏడ్చాడు. చూసినవాళ్ళు తాగొచ్చాడనుకున్నారు. పిల్లాడు చాన్నాళ్ళు నాన్న దగ్గరికి రాలేదు.

తెల్లారింది, మత్తు దిగింది. కళ్ళకి పట్టింది మాత్రం దిగలేదు.

దేన్ని చూసినా దానిమీద ఇసక జల్లినట్టు చుక్కలు. బల్బు చుట్టూ వలయాలు. కదిలేది ఏదైనా సరే, తన వెనక తనలాంటివే ఇంకొన్నింటిని ఈడ్చుకుంటూ పోయేది — చెయ్యి ఊపితే దాని వెనక వరసగా చేతులే చేతులు. కొన్ని వారాలు నెమ్మదించేది, హమ్మయ్య అనుకునేవాడు. నిద్ర చాలకపోయినా, ట్యూబులైటు కొట్టుకున్నా, మనసు మండినా మళ్ళీ విరుచుకుపడేది.

చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, "ఇది పిచ్చి కాదు" అంది. ఆ ఒక్క మాటకే మేస్త్రీకి ఏడుపొచ్చింది. "ఏదో మత్తు పదార్థం నీ ఒంట్లోకి వెళ్ళింది. కొందరికి దాని తాలూకు ప్రభావం ఇలా మిగిలిపోతుంది. మందూ సిగరెట్టూ ముట్టకు, వేళకి నిద్రపో. వచ్చినప్పుడు కంగారు పడ్డావంటే ఇంకా పెరుగుతుంది. ఏదైనా గట్టి వస్తువు పట్టుకుని నిలబడు, ఊపిరి నెమ్మదిగా వదులు, ఇది నా కళ్ళ పని అనుకో. లేనిదాంతో మాట కలపకు" అంది.

మత్తు పదార్థం ఎలా వెళ్ళిందో మేస్త్రీకి అంతు పట్టలేదు. ఎన్నాళ్ళకో ఒకరోజు టీ వేళ, గోడ అవతల బావమరిది గొంతు వినపడింది. లోడింగు వాళ్ళకి చెబుతున్నాడు — "ఒక్క బిళ్ళ రా. మా బావ మంచం కింద దూరి ఒకటే ఏడుపు." అందరూ విరగబడి నవ్వారు.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎవరితో అనలేదు. అంటే భార్యకి తమ్ముడు, ఇంట్లో గొడవ. ఆ కోపాన్ని మింగి మింగి లోపలే దాచుకున్నాడు.

తర్వాత ఒక రాత్రి హాల్లో కళ్ళు మళ్ళీ తిరగబడ్డాయి. వరసలన్నీ పాకుతూ మీదకొస్తున్నట్టు తోచి ఒక్క కేక పెట్టాడు. వెనక్కి తూలి, వేడి పైపుకి చెయ్యి కాల్చుకున్నాడు. ఓనరు పిలిచాడు. "చూడు మేస్త్రీ, ఇంకోసారి అదుంది ఇదుంది అని అరిచావంటే నీ దారి నువ్వు చూసుకో. వ్యాను డ్రైవరు ఎప్పట్నుంచో నీ పని అడుగుతున్నాడు. క్వార్టరు కూడా కావాలంటున్నాడు."

మేస్త్రీ తల ఊపి వచ్చేశాడు. బావమరిది ఎదురుపడి, "అలిసిపోయుంటావు బావా, కళ్ళదేముంది, అదే తగ్గిపోతుందిలే" అని భుజం తట్టాడు.

ఇదిగో, ఆ తర్వాత వారంలో జరిగిందే అసలు కథ.

రెండో షిఫ్టు అయిపోయింది. మేస్త్రీ ఆవిరి ఆపి, తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాడు. మొహానికి వెచ్చగా కొట్టింది. పైన ఒక్క ట్యూబులైటు... టక్... టక్... కొట్టుకుంటోంది. ఆ వెలుగులో దుప్పట్లు, వాటి వెనక దుప్పట్లు. చుక్కలు మొదలయ్యాయి. మేస్త్రీ గోడకి అరచెయ్యి ఆనించాడు. ఊపిరి వదిలాడు. "నా కళ్ళ పనే" అనుకున్నాడు. ఒక్కో అంచూ నలుపుతూ నడిచాడు.

మూల దగ్గర ఒక దుప్పటి... కదిలింది.

ఆగాడు. అదీ ఆగింది. తల దగ్గర గుండ్రంగా, భుజాల దగ్గర వెడల్పుగా — నిలువెత్తు మనిషి ఆకారం. కొద్దిగా ముందుకొచ్చింది. ఒక మూలుగు.

మేస్త్రీకి గొంతు దాకా కేక వచ్చింది. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. చూపు పక్కకి తిప్పాడు. తన కళ్ళు పుట్టించేవైతే చూపుతో పాటే జరుగుతాయి. ఇది జరగలేదు. ఉన్నచోటే ఉంది. మళ్ళీ కదిలినప్పుడు వెనక తెల్లటి తోకలు ఈడ్చుకుంది — బతికున్న మనుషులందరూ ఆయన కళ్ళకి ఈడ్చుకున్నట్టే.

అప్పుడు వ్యాను డీజిల్ వాసన తగిలింది. దుప్పటి కింద నవ్వాపుకోలేక ఎవరో ముక్కుతో కిసుక్కుమన్నారు.

భయం పోయింది. దాని చోట్లోకి వచ్చింది మాత్రం భయం కంటే చెడ్డది. మేస్త్రీ మారు మాట్లాడకుండా, నిదానంగా, వెనక్కి వెనక్కి నడిచి బయటికొచ్చాడు. తలుపు మూశాడు.

గడియ పెట్టాడు.

తర్వాత లోపలినుంచి నవ్వు. "బావా, నేనే. తీయి."

మేస్త్రీ తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"బావా... జోక్ చేశాను. తీయి మరి."

"ఇన్నాళ్ళూ కనపడేవి. ఇప్పుడు వినపడటం కూడా మొదలైనట్టుంది" అన్నాడు మేస్త్రీ, తనలో తను అనుకుంటున్నట్టు. "డాక్టరమ్మ చెప్పింది. లేనిదాంతో మాట కలపకూడదట."

అబద్ధం ఎందుకు, ఆయన చెయ్యి తలుపు పక్కనున్న, పైపుల్లోకి ఆవిరి వదిలే చక్రం దాకా వెళ్ళింది. పట్టుకుంది కూడా. మంచం కింద తనూ, ఎదురుగా నిలబడి వణుకుతున్న పిల్లాడూ గుర్తొచ్చారు. పిల్లాడు గుర్తొచ్చాకే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దాని పక్కనే ఇంకో స్విచ్చి ఉంది. అది నొక్కితే పైన గొలుసు తిరిగి, దుప్పట్ల వరసలన్నీ మెల్లగా తలుపు వైపు జరుగుతాయి. లోపలికి పోకుండానే దింపుకోవడానికి ఆ ఏర్పాటు. మేస్త్రీ ఒక నవ్వు నవ్వి అది నొక్కాడు. చెవి తలుపుకి ఆనించాడు.

సర్... సర్... సర్...

దుప్పట్లు కదులుతున్నాయి. నెత్తిన పాలు పోసినట్టనిపించింది.

"బావా... ఎవరో ఉన్నారు లోపల."

మేస్త్రీ తలుపు మీంచి చెవి తీయలేదు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ బిళ్ళ నేనే వేశాను. తప్పయిపోయింది. తీయి బావా... దగ్గరికొస్తోంది..."

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళు పళ్ళు నూరుకుంది. విన్నాడు. ఇంకోసారి చెప్పిస్తే బాగుండుననుకున్నాడు. ఇంకాసేపు కూర్చున్నాడు. అయితే లోపల మాట పూర్తిగా ఆగిపోయింది. తలుపు బాదడం కూడా లేదు. అప్పుడు లేచి స్విచ్చి ఆపి, గడియ తీశాడు.

బావమరిది బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. బావ వైపు చూడలేదు. తలవంచుకుని, గోడ వారగా, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒదిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. వారం తిరక్కుండానే మేస్త్రీ భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "ఏవండీ, తమ్ముడు తిండి మానేశాడు. ఇంట్లో అన్ని లైట్లూ వేసుకుని కూర్చుంటున్నాడు. మీకూ ఇలాగే ఉండేది కదా, ఒకసారి వెళ్ళి ధైర్యం చెప్పండి" అంది.

"అలిసిపోయుంటాడు. అదే తగ్గిపోతుందిలే" అన్నాడు మేస్త్రీ. ఆ మాట అన్నప్పుడు నోట్లో చక్కెర పోసినట్టుందట ఆయనకి.

కానీ ఒక కొసరు మిగిలిపోయింది. ఆ రోజు టీ వేళ వాడు నలుగురి ముందూ నవ్వాడు కదా, అలా తనూ వాడి మొహం మీద నవ్వాలి. స్విచ్చి సంగతి చెప్పి, ఇంత పిరికిపందవా అని కడుపారా నవ్వాలి. అది లేకపోతే లెక్క తీరదు. ఆ సాయంత్రం పనిగట్టుకుని బావమరిది ఇంటికి వెళ్ళాడు.

వాడు మూల కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. మేస్త్రీ ఎదురుగా కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఏరా, దెయ్యాన్ని చూశావట?"

వాడు తల దించుకునే ఉన్నాడు.

"పిచ్చి సన్నాసీ. దెయ్యం లేదు, గియ్యం లేదు. బయట స్విచ్చి నొక్కింది నేను. గొలుసు తిరిగింది, దుప్పట్లు జరిగాయి. అంతే." నవ్వు మొదలుపెట్టాడు మేస్త్రీ. "ఆమాత్రానికే ప్యాంటు తడుపుకున్నావా?"

బావమరిది తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, సిగ్గూ లేదు.

"గొలుసు మోటారు ఆరోజు మధ్యాహ్నమే కాలిపోయింది బావా" అన్నాడు మెల్లగా. "విప్పదీసి రిపేరుకి ఇచ్చారు. నీకెవరూ చెప్పలేదా? వ్యానులో వేసుకెళ్ళింది నేనే."

మేస్త్రీ నవ్వు సగంలో ఆగిపోయింది. సర్... సర్... మని చెవులారా విన్నాడు తను. "మరి... నువ్వు కదిపావా?"

"నేను తలుపుని కరుచుకుని ఉన్నాను. వరసలు వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి. మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది. నన్నేమీ చేయలేదు బావా. పక్కన నిలబడి ఒక్కటే అడిగింది." వాడి గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "గడియ ఎవరు పెట్టారని."

మేస్త్రీ కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"చెప్పావా?"

"చెప్పే పని లేకపోయింది బావా. అప్పుడే నువ్వు తలుపు తీశావు. నా కంటే ముందు తనే బయటికొచ్చింది."