కురుమయ్య ఓడిన అయిదు కుస్తీలు

"పారిపోయిండా? మా తాత పారిపోయిండా? నువ్వు సూసినవా?"

గేటు కూడా తీయకుండానే విరుచుకుపడింది కోమల. గేటు అవతల కెమెరా బ్యాగుతో నిలబడ్డ అబ్బాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. దానికి తోడు అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కేతేపల్లిలో వాన కూడా కోమల పక్షమే.

ఆ అబ్బాయి పేరు శ్రవణ్. ఆలేరు నేతవాళ్ల కుటుంబం. వారమంతా బ్యాంకు ఉద్యోగం, ఆదివారమొస్తే యూట్యూబ్ ఛానెల్. పాతకాలం పహిల్వాన్ల మీద వీడియోలు చేస్తాడు. మొన్న పెట్టిన ప్రోమో పేరు, 'ఆలేరు నుంచి పారిపోయిన పహిల్వాన్: నల్లపులి కురుమయ్య టాప్ ఫైవ్ మ్యాచ్‌లు'. ఆ నల్లపులికి మనవరాలే కోమల. ప్రైవేటు బడిలో పీఈటీ టీచర్. ఆమె అరిస్తే గ్రౌండు ఆ చివరున్న పిల్లలు కూడా లైన్లో నిలబడతారు.

"మా ఊర్ల అందరు గట్లనే అంటరు మేడం. తప్పైతే మారుస్త. తాతనే అడుగుదామని వచ్చిన."

"ముందు పెట్టుడు, ఎన్కసీరి అడుగుడా? పెండ్లి చేసుకున్నంక పిల్లను సూస్తా అన్నట్టుంది!"

అనేశాక నాలుక్కరుచుకుంది. పెళ్లి మాట ఎందుకొచ్చిందో ఆమెకే తెలీదు. శ్రవణ్ మాత్రం తడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

"ఎవరే కోమలా? నా కుస్తీల కోసం వచ్చిండా? రానియ్యవే, వానల నానిపోతాండు!" లోపల్నించి కురుమయ్య కేకేశాడు.

డెబ్బై దాటినా కురుమయ్య ఛాతీ ఇంకా వాకిలికి అడ్డంగానే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు డేరా వేసి టికెట్ల మీద కుస్తీలు ఆడించే కంపెనీలో పనిచేశాడు. అక్కడ ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. కురుమయ్య పని ఓడిపోవడం.

"అన్నీ ఓడిపోయినయేనా తాతా?" శ్రవణ్ నోరు తెరిచాడు.

"అన్నీ! గెలిచెటోనికి ఏం పనుంటది బిడ్డా? చేతులు లేపి తిరుగుడే. ఓడెటోడే కుస్తీని నడిపిస్తడు. ఎప్పుడు ఎగరాలె, ఎప్పుడు పడాలె, జనాన్ని ఎప్పుడు ఏడిపియ్యాలె, అన్నీ నా చేతులనే ఉండేటియి."

"వీడియోలు గిట్ల ఏమన్న ఉన్నయా?"

"వీడియోలు లేకుంటేంది, నేనున్న గద! గా వరిగడ్డి పరువుండ్రి. నా నడుము ఇప్పుడు ఒప్పుకోదు. నువ్వు కురుమయ్యవు, నేను గెలిచెటోన్ని. ఇన్నేండ్లకన్న నన్ను గెలువనియ్యి!"

అలా మొదలయ్యాయి ఆ ఆదివారాలు. రిఫరీ కోమల. కురుమయ్య ఎక్కడ పట్టాడో, ఎలా తిప్పాడో తెలిసేలోపే శ్రవణ్ గడ్డిలో వెల్లకిలా ఉండేవాడు. కింది నుంచి లెక్కపెడుతూ వచ్చారు. అయిదో నంబరు నల్గొండ కుస్తీ. అందులో కురుమయ్య దెబ్బలు తిన్న తీరు చూసి ఆడవాళ్లు గెలిచినవాణ్ణి బస్టాండు దాకా తిట్టుకుంటూ పోయారట. మహబూబ్‌నగర్‌లో గాలివానకు డేరా కూలబోయింది. జనం బయటపడేదాకా గుంజను పట్టుకొని నిలబడ్డాడు. అందరూ పోయాక, మాట ప్రకారం వచ్చి పడుకొని ఓడిపోయాడు.

"చూసెటోల్లు లేంగ ఎందుకు ఓడినవ్ తాతా?" నవ్వాపుకుంటూ అడిగింది కోమల.

"అన్నమాట అన్నట్టే ఉండాలె గద!"

శ్రవణ్ ఇంకా గడ్డిలోనే పడి ఉన్నాడు. "రిఫరీ మేడం, పడ్డోన్ని లేపుడు మీ రూల్స్‌ల లేదా?"

"లేదు."

"కొత్త రూల్ పెట్టుండ్రి. నడుము పట్టేసింది."

చెయ్యందించింది. లేచాక కూడా అతను వదల్లేదు. ఆమె కూడా లాక్కోలేదు. కురుమయ్యకు సరిగ్గా అప్పుడే మంచినీళ్లు గుర్తొచ్చి లోపలికి వెళ్లాడు. ఇలాంటి విషయాల్లో తాతలకు ఒకరు చెప్పాలా?

నాలుగు కుస్తీలూ వీడియోలయ్యాయి. వేలమంది చూశారు. మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. కానీ ఆలేరు వాళ్ల కామెంట్లు మాత్రం మారలేదు. 'ఉరికిన పహిల్వాన్' అనే రాశారు.

అవి కోమల తండ్రి డానియల్ కంటపడ్డాయి. ఆయన కరెంటు లైన్‌మన్. తీగల మీద పిడుగు పడ్డా అదరడు గానీ ఆ మాటకు ముఖం నల్లబడింది.

"చిన్నప్పుడు బడిల నన్ను పేరుతోని పిలువలే. ఉరికినోని కొడుకా అనే పిలిచిండ్రు. మళ్ల గదే లొల్లి మొదలువెట్టిండ్రు. అన్నీ తీసేయమను. గా పిల్లగాడు మన ఇంటికి ఇగ రావద్దు."

"తీసేస్తే వాళ్లన్నదే నిజమైతది నాయినా."

"కోమలా!"

"ఇగ మిగిలింది ఆలేరు కుస్తీ. అందరి ముందటనే చేస్తం. తాత నిజంగ ఉరికిండని తేలితే శ్రవణ్‌ను గేటు నేనే దాటిస్త. మళ్ల రానియ్య."

మాట అనేసింది. అతను రాని ఆదివారం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. తాతను ఒంటరిగా అడుగుదామా అనుకుంది. అడగలేదు. అడిగితే తాతను నమ్మనట్టే కదా!

ఆదివారం వాకిలి నిండిపోయింది. డానియల్ గోడకానుకొని చేతులు కట్టుకొని నిలబడ్డాడు. శ్రవణ్‌కు చొక్కా తడిసేంత చెమట. పోయేది వీడియో కాదని అతనికీ తెలుసు.

కురుమయ్య కుర్చీలో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. "నువ్వు కురుమయ్యవు. కుస్తీ అయిపోయింది, ఎప్పటిలెక్కనే ఓడినవ్. నేను ఆలేరు దొర కొడుకును. రింగులకు కుర్చి ఏపిచ్చుకొని కూసున్న. మీ నాయిన మా ఇంట్ల జీతగాడు. 'కాళ్లు మొక్కి పోరా' అంటున్న."

శ్రవణ్ వంగాడు. పెద్దాయన పాదాలు ఎదురుగా ఉంటే మన పిల్లలకు నడుము దానంతటదే వంగుతుంది.

"లే! వంగకు!"

ఆ అరుపుకు వాకిలంతా ఉలిక్కిపడింది. కురుమయ్య కుర్చీ తోసేసి లేచాడు.

"గాడ నేను వంగలే బిడ్డా! ఓడిపోవుడు నా పని, పైసలు తీసుకొని ఓడిన. కాళ్లు మొక్కుడు నా పని గాదు. వాని కండ్లల్లకు సూసి చెప్పిన. దిగి వచ్చిన. ఉరకలే. ఆలేరు టేషన్ దాంక నడిచిపోయిన. ఎన్క పదిమంది కట్టెలు పట్టుకొని తిట్టుకుంట వచ్చిండ్రు, అయినా నడిచిన. ఉరికిండని తెల్లారి వాళ్లే పుట్టిచ్చిండ్రు. కంపెనీ మళ్ల పిలువలే. నా కుస్తీలల్ల గిదే ఒకటో నంబరు."

డానియల్ గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే నాయినా?"

"నువ్వు నా కొడుకువు గద. చెప్తే దొర ఇంటిమీదికి పోతుంటివి. మీ తాత ఇంకా గా ఇంట్లనే జీతం ఉండె."

డానియల్ వచ్చి తండ్రిని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఏడుపు దాచుకోలేదు. కోమల కళ్లు కూడా నిండాయి, కానీ గడ్డం మాత్రం దించలేదు.

"ఇప్పుడు చెప్పు నాయినా. శ్రవణ్ గేటు దాటాల్నా?"

డానియల్ కళ్లు తుడుచుకొని శ్రవణ్ వైపు తిరిగాడు. "దాటాలె. పోయి మీ అమ్మను తోల్కరావాలె. మీ ఇంట్ల మేం పనికొస్తమా మరి?"

"మా అమ్మకు మొన్ననే చెప్పిన సార్. మగ్గం దిగకుంటనే, 'మీ బాపుతో నేను కొట్లాడుత, నువ్వు పిల్లను అడుగు' అన్నది."

సంతోషం పట్టలేక శ్రవణ్ మళ్లీ వంగాడు, ఈసారి డానియల్ కాళ్లకు. చేతులు పాదాలను తాకకముందే డానియల్ అతని భుజాలు పట్టి నిలబెట్టాడు.

"గిప్పుడే గద మా నాయిన చెప్పింది! మా ఇంటి అల్లుడు వంగడు. నిలబడి అడుగు."

శ్రవణ్ నిటారుగా నిలబడ్డాడు. "కోమలను నాకియ్యుండ్రి సార్."

"ఇయ్యనీకి నేనేమన్న సామానా?" మధ్యలోకి వచ్చి నిలబడింది కోమల. "నన్నడుగు."

శ్రవణ్ ఆమె వైపు తిరిగాడు. కురుమయ్య మీసాల చాటున నవ్వుకుంటున్నాడు.

"కోమలా, నన్ను చేసుకుంటవా?"

"చేసుకుంట," అంది, వీధి చివరిదాకా వినపడేలా.