రైలెక్కకూడని కాగితాలు

"సురేంద్రా, పిస్టల్ ఇస్తే కాల్చగలవా?"

"లేదు మేడమ్."

"మంచిది. ఇవ్వను."

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు వెనక ఒక మేడగది. బయట విత్తనాల ఏజెన్సీ బోర్డు. లోపల ఇంటెలిజెన్స్ చీఫ్ సావిత్రమ్మ. ఎదురుగా కూర్చున్న సురేంద్ర ఏజెంటు కాడు, దోమల మీద పరిశోధన చేసే సైంటిస్టు. డెంగీ ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ పద్నాలుగేళ్ళుగా ఊళ్ళ వెంట తిరుగుతున్నాడు.

ఆమె ఒక ఫొటో ముందుకు తోసింది. "ఈమె పేరు నందిని. ఫారిన్ గ్యాంగు ఒకటి ల్యాబులో దోమలకు వైరస్ ఎక్కించి, గుడ్లు పెట్టించింది. ఏ మందుకూ చావని రకం. ఆ గుడ్లు అతికించిన ఇరవై కాగితాలు ఈమె దగ్గరుండాయి. ఎండినా నెలల కొద్దీ బతికుంటాయంట కదా?"

"ఉంటాయి మేడమ్. నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి."

"ఈ సాయంత్రం కుప్పంలో రైలెక్కితే నాలుగు పట్నాలకు పోతాయి. నందిని మనకూ పనిచేస్తాది, వాళ్ళకూ చేస్తాది. ఈ దినం ఎవరి పక్కో ఆమెకే తెలియాల. కాగితాలు తీసుకోవాల్సిన వాళ్ళ మనిషిని నిన్న పట్టుకున్నాం. ఆయన మాదిరి నువ్వు పుంగనూరు బస్టాండుకు పో. గుడ్ల బదులు ఉత్త మసి మరకలున్న కాగితాలిచ్చి మోసం చేస్తే కనిపెట్టేది నువ్వొకడివే."

సురేంద్రకు భయమేసింది. నిరుడు చౌడేపల్లెలో డెంగీ వచ్చిన ఏడేళ్ళ పిల్ల మంచం పక్కన రెండు రోజులు కూర్చున్నాడు. చిగుళ్ళలోంచి రక్తం కారుతుంటే ఆ పిల్ల అమ్మను కాదు, అతన్నే చూసింది. మూడో రోజు మంచం ఖాళీ. ఇరవై కాగితాలంటే ఎన్ని మంచాలో అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి పుంగనూరు బస్టాండులో టమాటా వ్యాపారిగా నిలబడ్డాడు. మరకలు పడ్డ తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, జేబులో లెన్సు దాచిన పెన్ను, చేతికి నొక్కితే చీఫ్‌కు సిగ్నల్ పంపే వాచీ. నెమలికంఠం రంగు చీరలో, నల్లకళ్ళద్దాలతో నందిని వచ్చింది. బస్టాండు మొత్తం ఆమెనే చూసింది.

"గుర్రంకొండ కోట ఎక్కినావా?"

"సగం ఎక్కి దిగొచ్చినా."

కోడ్ కుదిరింది. ఆమె ఫైలు చాపింది. సరిగ్గా అప్పుడే అతని మణికట్టు మీద ఒక దోమ వాలింది. కాళ్ళ మీద తెల్లచారలు, డెంగీ దోమే. సురేంద్ర దాన్ని కొట్టలేదు. ఊపిరి బిగబట్టి, ఆ చెయ్యి కదపకుండా, రెండో చేత్తో జేబులో టెస్ట్‌ట్యూబు కోసం తడిమాడు. అక్కడ ట్యూబు లేదని గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

"మండీ మనిషైతే ఈపాటికి చంపేసుంటాడు," అంది నందిని నెమ్మదిగా. "దోమను అంత ముద్దుగా సూస్తాండావంటే నువ్వు దోమల డాక్టరువే." హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ అతని పక్కటెముకలకు తగిలింది. "కారెక్కప్పా. నీతో పనుండాది."

వెంకటగిరికోట దగ్గర అతను వాచీ నొక్కాడు. సిగ్నల్ పోయిందో లేదో తెలియలేదు. నందిని ఒక కాగితం చేతికిచ్చింది. "బతికుండాయా? సూసి చెప్పు."

పెన్ను లెన్సులోంచి చూశాడు. నల్లగా, నిండుగా, మెరుస్తూ ఉన్నాయి.

"చచ్చిపోయినాయి."

ఆమె గుడ్లను చూడలేదు, కాగితం పట్టుకున్న అతని వేళ్ళను చూసింది. "చచ్చిన గుడ్లకు ఎవరన్నా ఇంత వణుకుతారా?" అంటూ కాగితం లాక్కుని ఫైల్లో పెట్టుకుంది. భయం దాచుకోవడం కూడా చేతకాని తన మీద సురేంద్రకు ఏడుపొచ్చినంత పనైంది.

కుప్పం స్టేషన్‌కు చేరేసరికి రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. అతని వణుకు చూసి ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"టీ తాగి కుదురుగా ఉండు," అని నందిని అతన్ని కాంతమ్మ టీ బంకు దగ్గరికి నడిపించింది. పెద్ద గిన్నెలో పాలు తెర్లుతున్నాయి. కాంతమ్మ రెండు గ్లాసులు పోసి చాపింది.

"పట్టుకోమ్మా, చెయ్యి కాల్తాండాది."

నందిని కుడిచెయ్యి బ్యాగులోని పిస్టల్ మీద ఉంది. ఎడమచేతిలో ఫైలు. అలవాటు కొద్దీ ఫైలును బల్ల మీద పెట్టి గ్లాసు అందుకుంది.

రైలు కూత వేసింది. సురేంద్ర ఏమీ ఆలోచించలేదు. ఫైలు లాక్కుని, ఇరవై కాగితాలనూ మరుగుతున్న పాలలో ముంచి, గరిటెతో అడుక్కు అదిమిపట్టాడు. చెయ్యి బొబ్బలెక్కినా వదల్లేదు. ఇప్పుడు కాలుస్తుందని కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి బంకు చుట్టూ జనం మూగారు, నందిని కదిలే రైల్లో ఉంది. వాచీ సిగ్నల్ అందుకుని బంగారుపేటలో కాచుకున్న సావిత్రమ్మ మనుషులు నలుగురు ఆమెను మర్యాదగా దించారు.

సురేంద్ర ఫోన్ మోగింది. అవతల సావిత్రమ్మ. "ల్యాబుకు ఒక్క కాగితమన్నా మిగిలిందా?"

"లేదు మేడమ్. అన్నీ ఉడికినాయి."

కాంతమ్మ తిట్టుకుంటూనే అతని చేతికి చన్నీళ్ళు పోసింది. తర్వాతి రైలుకు వచ్చిన పన్నెండు మంది టీ లేదని గొణుక్కుంటూ ఎక్కారు. వాళ్ళలో ఒక్కరికీ జ్వరం రాలేదు.