సుభద్రమ్మ గోడ గడియారం

ఏడాదిపాటు ఆగకుండా తిరిగిన గోడ గడియారం, సరిగ్గా సుభద్రమ్మ సంవత్సరీకం రోజునే ఆగిపోయింది.

గోదావరిఖనిలోని ఆ బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లో అందరికంటే ముందు లేచిన లక్ష్మీనరసింహ, అలవాటుగా గోడవైపు చూశాడు. ముళ్లు రెండుంపావు దగ్గర నిలబడిపోయి ఉన్నాయి. ఇంట్లో మనిషికో ఫోను ఉంది. అయినా గడప దాటే ముందు అందరి తలలూ గోడవైపే తిరుగుతాయి. ఎవరైనా ఫోనులో టైం చూస్తే, "దానికి మన డ్యూటీల సంగతి ఏం ఎరుక?" అని సుభద్రమ్మ కసిరి కసిరి చేసిన అలవాటది.

కొత్త బ్యాటరీ వెతికి తెచ్చి, స్టూలెక్కి గడియారం దింపాడు. ఫోనులో అయిదుంపావు అయింది.

"అమ్మ పెట్టినట్టే పది నిమిషాలు ముందుకు పెడ్త" అన్నాడు.

వంటింట్లో చింతపండు పిసుకుతున్న భార్య అహల్య తల బయటికి పెట్టింది. "పది ఎక్కడివి? పావుగంట గద. అత్తమ్మ నాకొక్కదానికే చెప్పింది, ఎవ్వరికి చెప్పకు అని."

"నాకూ గట్లనే చెప్పింది, ఎవ్వరికి చెప్పకు అని. పదే!"

దుప్పటి కప్పుకునే వచ్చాడు కొడుకు అభినవ్. "అయిదు నిమిషాలు. బాపమ్మ నాకు ఒట్టేసి చెప్పింది."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అభినవ్ నిద్రమత్తు ఒక్కసారిగా దిగిపోయింది. "అంటే కాలేజీ బస్సు కాడ నాలుగేండ్లు నేనొక్కణ్నే నిలబడ్డది గిందుకా? బస్సు లేటు, బస్సు లేటు అని పాపం ఆ డ్రైవర్‌ను రోజూ తిట్టుకున్న గదనే అమ్మా!"

అహల్యకు నవ్వు ఆగలేదు. చింతపండు చెయ్యి పైకెత్తి పట్టుకుని, గోడకు ఆనుకుని మరీ నవ్వింది.

"ఏందే గా నవ్వుడు? ఇయ్యాల మీ అత్త దినం గాదా?" అంటూ విస్తరాకుల కట్టతో లోపలికి వచ్చింది పక్క క్వార్టర్ సారక్క. ఆమె భర్త రాయమల్లు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. సుభద్రమ్మకు ఆమె నలభై ఏళ్ల స్నేహితురాలు. సంగతి విని ఆమె విస్తర్ల కట్ట కింద పడేసింది.

"గది తప్పు గడియారమా! మా ముసలాయన మీ కిటికిల నుంచి చూసే డ్యూటికి పోయేటోడు గద బిడ్డా! ముప్పై ఏండ్లల్ల ఒక్క మస్టర్, ఒక్కనాటి హాజరీ పోలే. అందరికంటె ముందుగాల పోయి గేటు కాడ బీడీలు తాగుకుంట కూసునేటోడు. నేనేమో మా ఆయనకు పని మీద ఎంత ప్రేమ అని మురిసిపోయిన!"

ఈసారి లక్ష్మీనరసింహ కూడా నవ్వాడు. దినం రోజు ఇంత నవ్వొచ్చునా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, ఉంటే అమ్మే అందరికంటే గట్టిగా నవ్వేది. మంథని నుంచి పదిహేడో ఏట కాపురానికి వచ్చిన మనిషి ఆమె. భర్త గని దగ్గర హాజరీ బాబు. ఆయన మూడు షిఫ్టుల్లో ఏ షిఫ్టుకు వెళ్లినా ఆమెకు తెల్లవారుజామునే తెల్లవారేది. కొడుకును, తర్వాత మనవడిని, పెరుగన్నం ముద్దలు పట్టుకుని వీధి చివరి దాకా తరిమి తినిపించింది. ఆ వీధిలో ఎవరి కాన్పయినా కాయం ఉండలు ఆమె చేతివే. గనిలోకి ఒక్కసారీ దిగలేదు గానీ, ఏ గనికి ఎన్ని మెట్లో అడిగితే చెప్పేది.

"అయిదు గాదు, పది గాదు. అరగంట" అంది లోపలి గది నుంచి కూతురు శ్రావణ్య.

"నీకెట్ల ఎరుక?" అన్నాడు లక్ష్మీనరసింహ.

"పెట్టేది నేనే గద బాపూ. బాపమ్మకు మోకాళ్లు పట్టుకున్నంక స్టూలెక్కింది నేనే. ఎవరికి ఎంత చెప్పాలెనో ఆమెనే చూసి చెప్పేది. తమ్ముడు లేవనే లేవడు, ఆనికి అయిదే చెప్పు. మీ బాపు పేపర్ పడితే వదలడు, పది చెప్పు అని."

నవ్వుతూ బయటికి వచ్చిన ఆమెను చూసి లక్ష్మీనరసింహ నవ్వు ఆరిపోయింది. ఆమె చేతిలో గని బూట్లు, చంకలో హెల్మెట్ ఉన్నాయి. మైనింగ్ చదివిన శ్రావణ్యకు ఆఫీసర్ ట్రైనీగా ఉద్యోగం వచ్చి నెలయింది. గనిలో దిగే మొదటి రోజు ఇవాళే.

"ఇయ్యాల సంవత్సరీకం పెట్టుకొని ఎక్కడికి?"

"ఫస్ట్ షిఫ్టుకు రిపోర్టు చెయ్యమన్నరు బాపూ. మూడు దాటంగనే వస్త."

"ఒక్క రోజు సెలవు అడగరాదా?"

"అడుగుత. రేపు పోత అంటే రేపు గూడ నువ్వొకటి చెప్తవు."

"చెప్త! ఎల్లుండి గూడ చెప్త!" లక్ష్మీనరసింహ గొంతు వీధిలోకి వినిపించింది. "కుర్చీల కూసోని చేసే నౌకరే లేదా లోకంల? ముప్పై ఏండ్ల సంది ఏరియా ఆఫీసుల ఉన్న. గని నుంచి వేళగాని వేళ ఫోన్ మోగితే గుండె ఎట్ల కొట్టుకుంటదో నీకేం తెలుసు?"

అది కోపం కాదని, ఉత్త భయమని అహల్యకు తెలుసు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

శ్రావణ్య బూట్లు కింద పెట్టి, తండ్రి నిలబడ్డ స్టూలు పక్కనే కూర్చుంది.

"బాపమ్మకు గూడ భయమే బాపూ. ఎందుకే గిట్ల ముందుకు పెట్టిపిస్తవు అని అడిగిన ఒకసారి. తాతయ్య రోజూ చెప్పేటోడట, లేటైనోడే గనిల ఉరుకుతడు, ఉరికేటోడు కింద మీద చూసుకోడు, ఆనికే దెబ్బ తాకుతది అని. అప్పటి సంది ముళ్లు ముందుకు జరిపిందట. వీధిల అందరికి కనవడాలెనని కిటికికి ఎదురుంగ కొట్టిపిచ్చిందట. 'పోవద్దు అని ఎవరిని ఆపుతమే? పొయ్యేటోళ్లు కడుపుల ఇంత ఏస్కోని నిమ్మళంగ పోతే చాలు' అన్నది."

సారక్క ముక్కు చీదింది. "నా పుస్తె గట్టిగున్నది ఈమె దయనే తల్లీ" అంది గోడమీది సుభద్రమ్మ పటం వైపు తిరిగి.

లక్ష్మీనరసింహకు అమ్మ కళ్లముందు నిలిచింది. ఎవరు బయలుదేరినా గేటు దగ్గర మంచినీళ్ల గ్లాసుతో నిలబడే అమ్మ. అన్నేళ్లలో ఒక్కరితో కూడా ఆమె పోవద్దు అనగా అతను వినలేదు. లోపల ఎంత భయం ఉంటే ప్రతివారం ఆ ముళ్లు సరిచూసుకుందో ఇప్పుడు అర్థమై, అతనికి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

"తిన్నవా?" అన్నాడు కూతురితో.

"లేదు."

"అహల్యా, దినం వంట సంగతి తర్వాత. ముందుగాల పిల్లకు ఏమన్న పెట్టు."

శ్రావణ్య చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. అతను ముళ్లు తిప్పి గడియారం మేకుకు తగిలించాడు.

"అరగంటే గద బాపూ?" అని లోపలి నుంచి అరిచింది.

"అరగంటే" అన్నాడు గోడవైపే చూస్తూ.

గని లోపలికి ఫోను తీసుకుపోనివ్వరని ఆమె ఫోను ఇంట్లోనే వదిలేసింది. ఉప్మా తిని, పటానికి దండం పెట్టి, గడియారం చూసి అరగంట తీసేసుకుని బయలుదేరింది. గేటు దగ్గర తండ్రి మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"నిమ్మళంగ పో బిడ్డా" అన్నాడు.

స్కూటీ మలుపు తిరిగిన పావుగంటకు అతని ఫోను మోగింది. గని ఆఫీసు నంబరు. గుండె ఎప్పటిలాగే దడదడలాడింది.

"బాపూ! వాచ్‌మన్ తప్ప ఇక్కడ ఎవ్వలు లేరు. ఇంకా హెల్మెట్ దీపాలిచ్చే గది గూడ తెరవలే. గడియారం ఎంత ముందుకు పెట్టినవు?"

"అరగంటే."

"బాపూ, నిజం చెప్పు!"

వెనక అహల్య, అభినవ్, సారక్క చెవులు రిక్కించి నిలబడ్డారు. లక్ష్మీనరసింహ తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ముప్పావుగంట. ఎవ్వరికి చెప్పకు."