మరకల డాక్టరు ఉతికిన స్పాంజి

కూతురు పళ్ల ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లగానే పెద్దాయన చేతులు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు హోటల్ లాండ్రీలో పనిచేసిన మనిషి, అక్కడ అందరూ 'మరకల డాక్టరు' అని పిలిచేవారు. మురికి కంటపడితే ఆయనకు ముద్ద దిగదు. మొగుణ్ణి వదిలేసి మూడు నెలల క్రితం రెండు పెట్టెలతో వచ్చిన కూతురు, హాల్లో మొక్కలు నాటిన చేపల తొట్టి పెట్టుకుంది. దాని ఫిల్టరు విప్పి చూస్తే స్పాంజి నిండా గోధుమరంగు జిడ్డు!

"ఛీ ఛీ, పాపం ఈ మురికిలోనా అవి బతికేది!" అనుకుంటూ దాన్ని మరిగే నీళ్లలో వేసి, తెల్లగా అయ్యేదాకా బ్రష్షుతో తోమి, మళ్లీ బిగించాడు. కూతురు చూసి సంతోషిస్తుందని ఒకటే ఆశ. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఆయనతో నోరువిప్పి నాలుగు మాటలు మాట్లాడితే ఒట్టు.

మూడోనాటి పొద్దున హాల్లోంచి కూతురి కేక వినిపించింది. చేపలన్నీ నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి ఆకుల మధ్య వెల్లకిలా తేలింది.

"నాన్నా, ఫిల్టరు ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటే, మరగబెట్టి మరీ కడిగాను. చూడు, ఎలా మెరిసిపోతోందో!"

"అయ్యో, అది మురికి కాదు నాన్నా! చేపలు వదిలే విషాన్ని విరిచే సూక్ష్మజీవులు. నెలన్నర పట్టింది అవి పెరగడానికి. అన్నీ చంపేశావు!"

"నాకేం తెలుసమ్మా? నీకు మంచి చేద్దామనే..."

"నువ్వు మంచి చేసినప్పుడల్లా ఇంతే. నన్నొక్క మాట అడగవు! నేను ఇంటికొచ్చిన రోజు ఎందుకొచ్చావని అడిగావా? గడపలోనే నిలబెట్టి 'సర్దుకుపోవాల్సింది' అన్నావు. వేరే గది చూసుకున్నాను. ఒకటో తారీఖున వెళ్లిపోతాను."

పెద్దాయన ఎదురు మాట్లాడదామని నోరు తెరిచి, చేపలను చూసి ఆగాడు.

"ఇప్పుడేం చేస్తే బతుకుతాయమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "సగం నీళ్లు నేను మారుస్తాను. బాగా నడుస్తున్న తొట్టిలోని, ఆ సూక్ష్మజీవులున్న స్పాంజి ఒకటి దొరికితే..."

ఆమె మాట పూర్తయ్యేసరికి ఆయన చెప్పుల్లో ఉన్నాడు. రెండు బస్సులు మారి చేపల కొట్టుకు చేరాడు. కొట్టావిడ స్పాంజి పట్టుకుని పంపు దగ్గరికి వెళ్తుంటే హడలిపోయాడు.

"కడక్కు తల్లీ, నీకు దండం పెడతాను! మురికి ఎంతుంటే అంత మంచిది."

తొట్టినీళ్లతో సహా సంచిలో కట్టించుకుని, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సంచి కారి తెల్లచొక్కా ముందంతా బురద రంగైంది. ఆయన గమనించనే లేదు. ఆ చొక్కా చూసి కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే బావురుమంది.

స్పాంజి అమర్చాక ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. "తప్పు చేశానమ్మా. ఆ రోజు ఎందుకొచ్చావో ఇప్పుడైనా చెప్పు. మధ్యలో మాట్లాడను."

ఆమె చెప్పింది. ఆరేళ్ల సంసారం, పడ్డ మాటలు, తిన్న దెబ్బలు, అన్నీ చెప్పింది. రెండుసార్లు ఆయన నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. చెయ్యి మాత్రం ఆమె తల నిమురుతూనే ఉంది.

సాయంత్రానికి చేపలు కిందికి దిగి మొక్కల్లో తిరగసాగాయి. కూతురు కాసేపు వాటినే చూసి, ఫోను తీసి గది ఇస్తానన్న ఇంటావిడకు కలిపింది.

"గది వద్దులెండి ఆంటీ. మా నాన్న దగ్గరే ఉంటున్నాను."

పెద్దాయన విననట్టే లేచి, వంటింట్లోకి వెళ్లి, తనివితీరా ఏడ్చాడు.